సముద్రం ముందుకొస్తోందా, ఇసుక రావడం తగ్గిందా?

వాయుగుండం పట్టిన వారం టీవీ పెడితే కాకినాడ–ఉప్పాడ రోడ్డు కనిపించక తప్పదు. రోడ్డు మీదికి ఎగిరిపడుతున్న కెరటాలు, చెల్లాచెదురైన రాళ్లు, సగం కూలిన ఇంటి గోడ, కింద ‘ముందుకొచ్చిన సముద్రం’ అని పెద్ద అక్షరాలు. ఇంకో నెలలో విశాఖ ఆర్కే బీచ్ నుంచి ‘వెనక్కి వెళ్లిన సముద్రం’ అని మరో వార్త. ఎప్పుడూ నీళ్లలో ఉండే రాళ్లెక్కి జనం సెల్ఫీలు దిగుతుంటారు. మరోసారి అదే బీచ్‌లో ఇసుక నల్లబడిందని కలకలం. మూడూ చూసినవాళ్లకు బంగాళాఖాతానికి మతి చలించిందేమో అనిపిస్తే తప్పు పట్టలేం.

ఈ వార్తలన్నిట్లోనూ కర్త సముద్రమే. వచ్చిందంటే అదే వచ్చింది, పోయిందంటే అదే పోయింది. ఇసుక ఊసే ఉండదు. తీరాన్ని కొలిచేవాళ్లు మాత్రం ముందు అడిగేది ఇసుక సంగతే: ఎక్కణ్నుంచి వస్తోంది, ఎటు పోతోంది, మధ్యలో ఎవరు ఆపారు?

ఒడ్డు అనే గీత ఎక్కడుంది?

మ్యాపులో నేలకీ నీటికీ మధ్య ఒక నల్లటి గీత ఉంటుంది. బీచ్‌కి వెళ్తే అలాంటిదేమీ కనపడదు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అమావాస్య, పున్నమి రోజుల్లో విశాఖ దగ్గర పోటు మట్టానికీ ఆటు మట్టానికీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది కానీ, బీచ్ వాలు కలిపి చూడండి. ముప్పై మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగే బీచ్ అనుకుందాం. నీటిమట్టం ఒకటిన్నర మీటర్లు తగ్గితే నీటి అంచు 45 మీటర్లు లోపలికి జరుగుతుంది. బీచ్ ఇంకా చదునుగా ఉంటే ఇంకా ఎక్కువ. నిన్నమొన్నటి దాకా మునిగి ఉన్న రాళ్లు ఒక సాయంత్రం బయటపడ్డాయంటే చాలాసార్లు కారణం ఇంతే.

సునామీకి ముందు కూడా నీరు వెనక్కి పోవచ్చు, అందుకే జనానికి భయం. కానీ ఆటుకు ఆరు గంటలు పడుతుంది, సునామీ వెనకడుగు నిమిషాల్లో జరుగుతుంది. ఈ తేడాను కనిపెట్టి చూసే దేశపు సునామీ హెచ్చరికల కేంద్రం ఉన్నది, సముద్రం వాసనైనా సోకని హైదరాబాద్‌లో, జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ఆవరణలో.

అందుకే ఒక్క రోజు ఫొటో చూసి తీరం కోసుకుపోయిందో పెరిగిందో చెప్పలేం. ఏళ్ల తరబడి తీసిన ఉపగ్రహ చిత్రాల్లో ఒకే ప్రమాణంతో గీత గీసి, అది నేలవైపు జరుగుతూ పోతే దాన్ని కోత అంటారు. నీటివైపు జరిగితే మేట. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఇలా చూస్తే, దేశం తీరంలో 33.6 శాతం కోతలో ఉంది, 26.9 శాతం మేట వేసింది, మిగతాది దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కోత సుమారు 29 శాతం. మేట దాదాపు సగం. ఈ రెండో అంకె వార్తల్లోకి రాదు.

అసలు తీరం పొడవెంత అన్నదే తేలని ప్రశ్న. చిన్నప్పుడు 7,516 కిలోమీటర్లని బట్టీ పట్టాం. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం 11,098 అంటోంది. మన రాష్ట్రం 974 నుంచి 1,053కి పెరిగింది. నేల పెరగలేదు, చిన్న కొలబద్దతో కొలిచారు. మ్యాపు వివరంగా గీసేకొద్దీ ప్రతి మొగ, ప్రతి మలుపు లెక్కలోకి వచ్చి గీత పొడవు పెరుగుతుంది.

కొండ అరిగితే ఇసుక

విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు తెగ పేరే దానికి పెట్టారు. ఎండకూ వానకూ ఆ రాయి పొడి అవుతుంది. అందులోని మెత్తని ఖనిజాలు బంకమట్టిగా మారిపోతే, గట్టిదైన క్వార్ట్జ్ గింజలుగా మిగిలి వాగుల వెంట సముద్రానికి చేరుతుంది. మన బీచ్‌ల్లో పచ్చగా, తెల్లగా మెరిసేది అదే. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి కూడా ఇలాంటి సరుకునే దించుతుంది, కాకపోతే దాని బండి చాలా పెద్దది.

క్వార్ట్జ్‌తో పాటు ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువైన గింజలూ వస్తాయి. క్వార్ట్జ్ నీటికన్నా సుమారు 2.65 రెట్లు బరువైతే ఇల్మెనైట్ నాలుగున్నర రెట్ల పైమాటే. చేటలో బియ్యం చెరిగితే ఊక ఎగిరిపోయి గింజ మిగిలినట్టు, పెద్ద అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి బరువు గింజలను ఒడ్డునే వదిలేస్తాయి. ఆ రోజు బీచ్ నల్లగా కనపడుతుంది. కాలుష్యమేమో అని అడుగుతారు. కొన్నిచోట్ల డ్రైనేజీ నీరు కూడా కలుస్తుంది కాబట్టి ఆ అనుమానం అన్నిసార్లూ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ చేతిలోకి తీసుకుంటే బరువుగా, ఎండలో మిలమిలలాడుతూ ఉంటే అది ఖనిజమే. భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఈ నల్ల ఇసుక కోసం గనుల వ్యాపారం నడిచింది, గొడవలూ నడిచాయి.

మచిలీపట్నం దగ్గర మంగినపూడి వెళ్తే కథ వేరు. అక్కడ కాలికింద నల్లటి మట్టి. కృష్ణమ్మ తెచ్చిన సన్నటి ఒండ్రు అది. బీచ్ అంటే బంగారు రంగు ఇసుకే అన్న ఊహ సినిమాలు నేర్పింది. ఏ నది ఏ రాయిని అరగదీసిందో, అల ఎంత గట్టిగా చెరిగిందో, దాన్నిబట్టే బీచ్ రంగూ గట్టిదనమూ.

ఏడాదిలో ఒకసారి ఇచ్చి, ఒకసారి తీసుకుని

మనం నడిచే బీచ్ మొత్తం ఇసుకలో ఒక ముక్క మాత్రమే. దాని వెనక గాలి పోసిన దిబ్బ ఉంటుంది. ముందు, నీటి అడుగున, ఒడ్డుకు సమాంతరంగా మరో తిన్నె ఉంటుంది. మూడింటిలోనూ ఉన్నది ఒకే ఇసుక, చోటు మారుతుందంతే.

గాలివానల కాలంలో అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. ఒక అల వెనక్కి జారకముందే ఇంకోటి పడుతుంది. ఇసుక లోపలికి కొట్టుకుపోయి నీటి అడుగు తిన్నె పెరుగుతుంది. చూసేవాళ్లకు బీచ్ పోయింది. తమాషా ఏమిటంటే ఆ తిన్నే తర్వాతి అలలను దూరంగానే విరగ్గొట్టి ఒడ్డును కాపాడుతుంది. సముద్రం నెమ్మదించాక మెల్లని పొడవాటి అలలు అదే ఇసుకను కొద్దికొద్దిగా వెనక్కి తోస్తాయి. తుపాను ఒక్క రాత్రిలో లాగేసింది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తర్వాత బీచ్ రోడ్డు అంచులు విరిగిపడటం ఊరంతా చూసింది.

ఇక్కడే మొదటి తికమక. తిరిగొచ్చే కోతకు, తిరిగిరాని కోతకు తేడా తెలియకుండా గోడ కట్టేస్తే, ఇసుక మార్పిడి చేసుకునే దిబ్బకూ బీచ్‌కూ మధ్య అడ్డం పెట్టినట్టే.

ఒడ్డు పక్కనే పారే ఇంకో నది

అల నేరుగా ఒడ్డుకు కొట్టడం అరుదు. కొంచెం ఏటవాలుగా వస్తుంది. వచ్చేటప్పుడు ఇసుక గింజను ఏటవాలుగా పైకి తోస్తుంది. వెనక్కి మళ్లేటప్పుడు నీరు వాలును బట్టి తిన్నగా కిందికి జారుతుంది. గింజ రంపపు పళ్లలా మెలికలు తిరుగుతూ ఒడ్డు వెంట ఒక వైపు నడుస్తుంది. ఇలా కోట్లాది గింజలు నడిస్తే, బీచ్‌ను ఆనుకుని కనపడని ఇసుక నది ఒకటి పారుతున్నట్టే. మన తూర్పు తీరంలో నైరుతి కాలంలో అది ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి పారుతుంది. ఉత్తరం వైపు నెలలు ఎక్కువ, అలల బలమూ ఎక్కువ. కాబట్టి ఏడాది మొత్తానికి లెక్క తేలేది ఉత్తరానికే.

ఈ నదికి అడ్డంగా రాళ్ల కట్ట వేస్తే ఏమవుతుందో మద్రాసు ముందే చూపించింది. 1870ల మధ్యలో అక్కడ హార్బరు కట్టడం మొదలెట్టారు. కట్టకు దక్షిణాన ఇసుక ఆగి మేట వేసింది. ఇవాళ తెలుగువాళ్లు కూడా పిల్లల్ని తీసుకెళ్లి చూపించే మెరీనా బీచ్ అంత వెడల్పైంది ఆ మేట వల్లే. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక తీరం కోతలో పడింది. మెరీనాను వరమనీ, రాయపురాన్ని శాపమనీ విడివిడిగా చెప్పుకుంటాం కానీ, ఇటు జమైంది అటు ఖర్చయిందే.

విశాఖలో ఇంజనీర్లు ఇది తెలిసే మొదలుపెట్టారు. 1933లో ఓడరేవు తెరిచే నాటికి, దారిలోకి ఇసుక రాకుండా రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డంగా పెట్టారు. 1970లలో ఔటర్ హార్బరు కట్టాక పొడవాటి రాళ్ల కట్టలు వచ్చాయి. వాటికి దక్షిణాన ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి, ఉత్తరాన బీచ్ వైపు పోసే పద్ధతి అక్కడ చాలా ఏళ్లుగా ఉంది. ఆర్కే బీచ్ ఒక రకంగా సెలైన్ మీద బతుకుతోంది. సరిపడా పోయని ఏడాది కురుసుర సబ్‌మెరైన్ ముందు గట్టు కోసుకుపోతుంది, పేపర్లో ఫొటో వస్తుంది.

జమాఖర్చు ఎలా వేస్తారు

పేర్లేవీ లేని ఒక బీచ్ తీసుకుందాం. పొడవు 1 కిలోమీటరు. దక్షిణం నుంచి ఏటా 2 లక్షల ఘనపు మీటర్ల ఇసుక వస్తోంది, ఉత్తరానికి 2 లక్షలే పోతోంది. తీరం కదలదు. ఇప్పుడు దక్షిణాన ఒక కట్ట వచ్చి నాలుగో వంతు ఆపింది. రాబడి లక్షన్నర, అలలు మారలేదు కాబట్టి ఖర్చు 2 లక్షలే. లోటు 50 వేలు.

ఆ లోటు బీచ్ నుంచే పోవాలి. అలలు కదిలించే ఇసుక మందం, పై గట్టు నుంచి నీటి అడుగు దాకా, 8 మీటర్లు అనుకుంటే, 50,000ను 1,000తోనూ 8తోనూ భాగించండి: ఏడాదికి 6 మీటర్ల పైన. పదేళ్లలో 60 మీటర్లు, అంటే రెండు మూడు వరసల ఇళ్లు. పూడ్చాలంటే ఒక టిప్పరుకు 10 ఘనపు మీటర్ల చొప్పున ఏటా 5 వేల టిప్పర్ల ఇసుక. ఇంత జరిగినా సముద్రమట్టం ఒక్క మిల్లీమీటరు పెరగలేదని గమనించండి.

ఉప్పాడలో ఎవరిది తప్పు?

ఉప్పాడ గురించి అడిగితే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. నలుగురి దగ్గరా కొంత నిజం ఉంది.

మొదటి మాట హోప్ ఐలాండ్ గురించి. గోదావరి మొగల దగ్గర దిగిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోగా, గత రెండు వందల ఏళ్లలో కాకినాడ ముందు సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఇసుక నాలుక సాగింది, అదే హోప్ ఐలాండ్. దాని చాటున కాకినాడ అఖాతం ప్రశాంతంగా ఉంది, అందుకే ఓడలకు ఇష్టం, కోరంగి మడలకు ఆసరా. కానీ ఉప్పాడ ఆ చాటు దాటాక ఉంది. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక ఆ నాలుక చివరా, అఖాతంలోనూ దిగిపోతుంది. ఉప్పాడ ముందు అలలు మాత్రం ఉన్న ఇసుకను ఉత్తరానికి మోస్తూనే ఉంటాయి. పైగా నీటి అడుగు ఎత్తుపల్లాలను బట్టి అలలు వంగి అక్కడ బలం కూడగట్టుకుంటాయని పరిశోధకులు చెబుతారు. ఈ వాదన ప్రకారం ప్రకృతే ఉప్పాడను ఇరుకున పెట్టింది.

రెండో మాట రేవుల గురించి. కాకినాడలో లోతైన రేవు, దాని కట్టలు, ఓడల దారి కోసం తవ్విన కాలువ ఉన్నాయి. కాలువ అంటే ఇసుక పడే గొయ్యి. అందులోంచి తోడింది ఎక్కడ పోస్తున్నారన్నది లెక్కలో పెద్ద తేడా తెస్తుంది. దీన్ని కాదనేవాళ్లు రేవు రాకముందు నుంచే ఉప్పాడ కోతలో ఉందంటారు, అదీ అబద్ధం కాదు. ముందునుంచీ ఉన్న రోగాన్ని రేవు ముదరబెట్టిందా, ఎంత ముదరబెట్టింది అన్నదే ప్రశ్న.

మూడు, నాలుగు మాటలు ఆనకట్టలు, సముద్రమట్టం. అవి ఉప్పాడను దాటి గోదావరి, కృష్ణా డెల్టాలు రెండింటికీ సంబంధించినవి కాబట్టి విడిగా చూద్దాం.

శ్రీశైలంలో ఆగిన డెల్టా

శ్రీశైలం జలాశయం సామర్థ్యం మొదట 308 టీఎంసీలు. తర్వాతి సర్వేల్లో 215.8కి దిగింది. నీళ్ల పంపకం గొడవల్లో ఈ అంకె అందరికీ కంఠతా వచ్చు. తీరం వైపు నుంచి దీన్ని ఎవరూ చదవరు. తగ్గిన 92 టీఎంసీలంటే, ఒక్కో టీఎంసీ 2.83 కోట్ల ఘనపు మీటర్ల లెక్కన, సుమారు 260 కోట్ల ఘనపు మీటర్ల పూడిక. అందులో అధిక భాగం బురదే, బీచ్‌కి పనికిరాదు. కొంత ఎలాగూ దారిలో పొలాల్లో దిగేది. సర్వే పద్ధతులు మారడం వల్ల తేడా కూడా ఉండవచ్చు. ఇవన్నీ ఒప్పుకుని పదో వంతే ఇసుక అనుకున్నా 26 కోట్లు. మన ఊహాబీచ్ లోటు 50 వేలతో పోల్చి చూడండి. బురద కూడా వృథా కాదు. డెల్టా నేల తన బరువుకు తానే కుంగుతూ ఉంటుంది, ఏటేటా వరద తెచ్చే ఒండ్రే దాన్ని ఎత్తు పెంచేది.

గోదావరి మోసే ఒండ్రు కూడా 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికన్నా తక్కువైంది. డెల్టా ముందు అంచు మేట నుంచి కోతకు మళ్లడాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో చూపించారు. నదిలో ఇసుక ర్యాంపుల తవ్వకం ఈ లోటు మీద అదనపు లోటు.

దీనికి అవతలి పక్షం లేకపోలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే కరవు నేల అన్నపూర్ణ అయింది. ఎగువన జలాశయాలు లేకుంటే తెలంగాణలో, రాయలసీమలో ఎన్ని ఊళ్లకు తాగునీరు ఉండేదో చెప్పక్కర్లేదు. ఆనకట్టలు వద్దనే మాట తీర నిపుణులు కూడా అనడం లేదు. వాళ్ల పేచీ, ప్రాజెక్టు ఖర్చు వేసేటప్పుడు తీరం పోగొట్టుకునే భూమిని ఏ కాగితంలోనూ రాయకపోవడం గురించి. నాకు ఈ పేచీ న్యాయమనే తోస్తుంది.

సముద్రమట్టం వాటా ఎంత?

1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006–2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. దీన్ని ఒడ్డు వెనకడుగుగా మార్చడానికి పెర్ బ్రూన్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం ప్రసిద్ధం. మట్టం ఎంత పెరిగితే దానికి 50 నుంచి 100 రెట్లు ఒడ్డు వెనక్కి జరుగుతుందని స్థూలంగా దాని సారం. 3.7 మిల్లీమీటర్లకు లెక్కిస్తే ఏడాదికి 18 నుంచి 37 సెంటీమీటర్లు. కోత తీవ్రంగా ఉన్నచోట్ల తీరం మీటర్లలో పోతోంది. కాబట్టి తప్పంతా వాతావరణ మార్పుదే అనడానికి ఇప్పటి లెక్క ఒప్పదు.

అలాగని పక్కన పెట్టేయడానికీ లేదు. పెరిగిన మట్టం మీద వచ్చే తుపాను ఉప్పెన ఇంకా లోపలికి చేరుతుంది, కుంగుతున్న డెల్టాలో అదే పెరుగుదల రెట్టింపులా తగులుతుంది. డెల్టా కుంగడంలో సహజంగా అణగడం ఎంత, భూగర్భం నుంచి నీరు, గ్యాసు తోడటం ఎంత అన్నది వాదం తెగని విషయం. బ్రూన్ సూత్రం మీదా గట్టి విమర్శలున్నాయి. పక్కనుంచి ఇసుక రాదు, పోదు అనుకుని వేసిన లెక్క అది. ఇసుక నది పారే మన తీరానికి ఆ ఊహే సరిపోదు.

రాయి వేయాలా, ఇసుక పోయాలా?

గోడ కడితే దాని వెనక ఉన్నది నిలుస్తుంది. రోడ్డు, రేవు, గుడి వంటివి కాపాడాలంటే చాలాసార్లు వేరే దారి లేదు. కానీ అల రాతికి తగిలి వెనక్కి తన్ని, గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వేస్తుంది. ముందున్న బీచ్ సన్నబడుతుంది, గోడ ఆగిపోయిన చోట పక్క ఊరి కోత పెరుగుతుంది. ఉప్పాడలో 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలతో రక్షణ కట్టారు, రాళ్లూ పేర్చారు. అలలు వాటిని చెదరగొట్టాయి, మళ్లీ రాళ్లు పోశారు.

పుదుచ్చేరి ఇంకో దారి పట్టింది. 1989లో కట్టిన హార్బరు వల్ల పట్టణం బీచ్ పోయి, వరసగా రాళ్లే మిగిలాయి. కొన్నేళ్ల కిందట జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఉక్కు దిబ్బ దింపి, దానికి తోడు ఇసుక పోయించింది. నగరం ముందు కొంత బీచ్ తిరిగొచ్చింది. అది పనిచేయాలంటే ఇసుక సరఫరా ఆగకూడదు, డబ్బూ ఆగకూడదు. విశాఖ లాంటి నగరానికి, రేవు పక్కనే ఉన్నచోటికి అది కుదరవచ్చు. ప్రతి మత్స్యకార పల్లెకీ ఒక డ్రెడ్జరు పంపేదెవరు?

ఊరినే వెనక్కి జరపడం మూడో దారి. కాగితం మీద అన్నిటికన్నా చవక. కానీ నాలుగు కిలోమీటర్ల లోపల కాలనీ ఇస్తే తెల్లవారుజామున మూడింటికి వల భుజాన వేసుకుని నడవాల్సింది మత్స్యకారుడే. గోడ కట్టినా అతనికి ఇంకో చిక్కు ఉంది. ఒడ్డున ఇసుక పోయి రాళ్లే మిగిలినచోట పడవ లాగి పెట్టుకోవడానికి చోటుండదు. ఇల్లు నిలిచినా పడవను ఇంకో ఊరి ఒడ్డున కట్టుకోవాల్సి వస్తుంది.